వెనక సీట్లో కూర్చుని చూస్తే ఏ కారు కొనాలో తెలుస్తుంది

మన ఇళ్లలో కారు కొనే చర్చ ఎప్పుడూ ముందు సీట్లోనే మొదలవుతుంది. స్క్రీన్ ఎన్ని అంగుళాలు, ఆటోమేటిక్ ఉందా, సన్‌రూఫ్ వస్తుందా, మైలేజీ ఎంత? షోరూంలో సేల్స్ ఎగ్జిక్యూటివ్ కూడా నడిపే మనిషినే స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి ఇవన్నీ చూపిస్తాడు. కానీ సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు బయల్దేరే కార్లలోకి ఓసారి తొంగిచూడండి. ముందు ఇద్దరుంటే వెనక ముగ్గురు, ఒక్కోసారి నలుగురు. అమ్మానాన్నలు, పిల్లలు, ఒళ్లో పసివాళ్లు. మనం ప్రాణంగా చూసుకునేవాళ్లంతా ఉండేది వెనకే. డబ్బు ఖర్చుపెట్టేది మాత్రం ముందు సీటు చూసి.

అందుకే ఏ కారు కొనమంటారని ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే. వెనక సీటు చూసి వడపోయండి, మిగతావన్నీ ఆ తర్వాత.

ఎయిర్‌బ్యాగ్‌ల సంగతే తీసుకుందాం. ముందు సీట్లకు రెండు ఎయిర్‌బ్యాగ్‌లు 2022 జనవరి నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి. ఆ రెండిట్లో ఒకటి స్టీరింగ్‌లో ఉంటుంది, రెండోది పక్క సీటు ఎదురుగా డాష్‌బోర్డులో. అంటే వెనక కూర్చున్నవాళ్లకు ఒక్కటీ లేదన్నమాట. ఆరు ఉన్న కార్లలో మామూలుగా ఈ రెండు కాక ముందు సీట్ల పక్కన రెండు, తలుపుల పైన పైకప్పు అంచు వెంట తెరల్లా దిగేవి రెండు ఉంటాయి. పక్క నుంచి గుద్దుకున్నప్పుడు వెనకవాళ్ల తలను కాపాడేది ఈ చివరి రెండే. వీటినే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు అంటారు. ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు తప్పనిసరి చేస్తామని 2022 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. అమలును 2023 అక్టోబరుకు వాయిదా వేసింది. చివరికి అవి తప్పనిసరి చేయబోమని 2023 సెప్టెంబరులో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ ప్రకటించారు. అప్పటి నుంచి చాలా కంపెనీలు కింది వేరియంట్లలోనూ ఆరు ఇస్తుండటం సంతోషించాల్సిన విషయమే. అయినా అది చట్టం కాదు కాబట్టి, మీరు కొనే వేరియంట్‌లో ఉన్నాయో లేవో మీరే చూసుకోవాలి.

ఎన్ని ఉన్నా బెల్టు లేకపోతే ఉపయోగం లేదు. టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో చనిపోయారు. ఆ ఖరీదైన కారులో వెనక కూర్చున్న ఇద్దరూ చనిపోతే, ముందున్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. వెనకవాళ్లు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. వెనక సీట్లో బెల్టు తప్పనిసరి అనే నిబంధన అప్పటికే ఉందని దేశంలో చాలామందికి తెలిసింది ఆ తర్వాతే.

కాబట్టి షోరూంకి వెళ్లినప్పుడు వెనక ఎక్కండి. వీలైతే మోకాళ్ల నొప్పులున్న అమ్మనో నాన్ననో తీసుకెళ్లండి. డ్రైవర్ సీటును మీ ఎత్తుకు తగ్గట్టు వెనక్కి జరిపాక, దాని వెనక వాళ్లను కూర్చోమనండి. ఎక్కడం దిగడం ఎలా ఉందో వాళ్లనే అడగండి. మధ్యలో కూర్చునేవాళ్లకు భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా, నడుము చుట్టూ వచ్చేదేనా? ముగ్గురికీ హెడ్‌రెస్ట్‌లు ఉన్నాయా? పసిపిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఎక్కడున్నాయి? ముగ్గురూ కూర్చుని మూడు బెల్టులూ ఒకేసారి పెట్టి చూడండి. చాలా కార్లలో లాక్ దొరక్క వేళ్లతో సీటు సందుల్లో వెతుక్కోవాల్సి వస్తుంది. రోజూ వెతుక్కోవాల్సిన బెల్టును ఎవరూ పెట్టుకోరు.

ఇక్కడే సీటు కవర్ల గురించీ చెప్పాలి. డెలివరీ రోజున ఫ్రీ యాక్సెసరీ అంటూ మందపాటి కవర్లు తొడిగేస్తారు. వెనక బెల్టు లాక్‌లు వాటి కింద శాశ్వతంగా పూడుకుపోతాయి. ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటే, తగని కవరు అది తెరుచుకోవడానికే అడ్డం. కొత్త సీటు మాసిపోతుందన్న బెంగతో ప్రాణరక్షణను చేజేతులా కప్పేస్తున్నాం. ముందు బంపర్‌కు బిగించే ఇనప గార్డులూ అంతే. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల పనికి అవి అడ్డొస్తాయి. కేంద్రం 2017 డిసెంబరులోనే వాటిపై చర్యలు తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది.

తర్వాత భద్రతా స్టార్‌ల మాట. కార్లను గుద్దించి పరీక్షించి స్టార్‌లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి మనకు సొంతంగా ఉంది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారును అడ్డంకికి గుద్దించి, లోపలి బొమ్మలకు ఎంత దెబ్బ తగిలిందో కొలుస్తారు. స్టార్‌లు పెద్దలకు వేరు, పిల్లలకు వేరు. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది ఎక్కువగా ఏది బాగుంటే అది. రెండూ అడగండి, పరీక్ష ఏ సంవత్సరానిదో కూడా అడగండి. రెండో తరం హోండా అమేజ్‌కు 2019లో ఇలాంటి పరీక్షలే చేసే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దల రక్షణలో 4 స్టార్‌లు ఇచ్చింది. నిబంధనలు కఠినం చేశాక 2024లో అదే తరం కారుకు వచ్చినవి 2, పిల్లల రక్షణలో సున్నా. ఆ తర్వాత కొత్త తరం అమేజ్ వచ్చింది, అది వేరే కారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మాత్రం ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

వెనక సీటు ఇరుకవడానికి మన పన్నులూ ఒక కారణమే. 4 మీటర్ల లోపు చిన్న కార్లకు 2006లో ఎక్సైజ్ సుంకం తగ్గించారు. అప్పటి నుంచి సెడాన్లను కూడా ఆ కొలతలోకి కుదించడం మొదలైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ చిన్న కార్లకు 18 శాతం, పెద్ద వాటికి 40 శాతం. ఇంత తేడా ఉన్నప్పుడు చాలా కుటుంబాలు 4 మీటర్ల లోపే కొంటాయి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ కొలతలోనే వెనక చోటు బాగా ఇచ్చినవీ ఉన్నాయి, అసలు పట్టించుకోనివీ ఉన్నాయి. టేపు పెట్టి కొలవాల్సిన పనిలేదు, కూర్చుంటే తెలిసిపోతుంది.

ఇంధనం సంగతి క్లుప్తంగా చెప్తాను. ఊళ్లో చిన్నచిన్న దూరాలే తిరిగేవాళ్లకు బీఎస్-6 (ఇప్పటి కాలుష్య ప్రమాణాల) డీజిల్ వద్దు. వేగంగా నడవని బండిలో పొగమసి పట్టే ఫిల్టర్ మూసుకుపోయి ఖర్చు పెడుతుంది. సీఎన్‌జీలో సిలిండర్ డిక్కీ తినేస్తే పండక్కి సామానంతా వెనకవాళ్ల కాళ్ల దగ్గరికే చేరుతుంది. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి, పెట్రోల్ కారునే మార్చి చేసిన వాటిలో వెనక నేల పైకొచ్చి మోకాళ్లు లేచిపోతాయి. పెద్దవాళ్లకు రెండు గంటల ప్రయాణంలోనే తొడలు పట్టేస్తాయి.

ఇవన్నీ ఉన్న వేరియంట్‌కు డబ్బెక్కడిది అంటారా? 8 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ అనుకుందాం. 5 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 16,600, 7 ఏళ్లకు 12,900. నెలకు 3,700 తగ్గిందని సంతోషిస్తాం కానీ, మొత్తం వడ్డీ 1.96 లక్షల నుంచి 2.81 లక్షలకు పెరుగుతుంది. ఆ 85 వేలు చాలా కార్లలో ఒక వేరియంట్ పైకి వెళ్లే ధర. ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు, బయట కొటేషన్ తెచ్చి పోల్చండి. హ్యాండ్లింగ్ చార్జీల పేరుతో రాసింది కొట్టేయమని గట్టిగా అడగండి. ధర 10 లక్షలు దాటితే డీలర్ ముందే వసూలు చేసే 1 శాతం పన్ను, టీసీఎస్‌ను ఐటీ రిటర్న్‌లో చూపించుకోండి. సన్‌రూఫ్ కోసం పెంచిన బడ్జెట్‌ను, బండి జారిపోకుండా అదుపుచేసే స్టెబిలిటీ కంట్రోల్, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌ల కోసం పెంచండి.

ఇదంతా కొనేవాళ్ల నెత్తిన వేసి ఊరుకోవడం మాత్రం నాకు న్యాయంగా అనిపించదు. భారత్ ఎన్‌క్యాప్ ఇప్పటికీ స్వచ్ఛందమే, కంపెనీ తనంతట తాను పంపితేనే పరీక్ష. ఇంట్లో ఫ్రిజ్ మీద స్టార్‌ల లేబుల్ తప్పనిసరి చేసిన ప్రభుత్వం, అయిదుగురు ఎక్కే బండికి ఆ పని చేయలేదా? 2022లోనే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అమ్మే ప్రతి మోడల్‌నూ పరీక్షించాలి. పెద్దల స్టార్‌లు, పిల్లల స్టార్‌లు, పరీక్ష జరిగిన సంవత్సరం కొటేషన్ కాగితం మీదే, ధర పక్కనే అచ్చు వేయాలి. పరీక్ష జరగకపోతే జరగలేదని అంతే పెద్ద అక్షరాల్లో రాయాలి.