తొమ్మిది గొర్రెల వరకు ఉత్త దొంగే

పరుల పశువులను తోలుకుపోయేవాడిని రోమన్లు అబిగెయస్ అనేవారు. అది ఎవరికి పడితే వారికి దక్కే హోదా కాదు. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన న్యాయసంహిత 47వ సంపుటంలో వీరికోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. అందులో కాలిస్ట్రాటస్ అనే న్యాయవేత్త ఇచ్చిన లెక్క ప్రకారం గుర్రమో ఎద్దో అయితే ఒక్కటి చాలు, పందులైతే నాలుగో అయిదో కావాలి, గొర్రెలైతే పది ఉంటేగాని మంద కాదని కొందరి అభిప్రాయం. కాబట్టి తొమ్మిదింటితో సరిపెట్టుకున్నవాడు ఉత్త దొంగ. ఈ వృత్తిలోకి దిగేవాడికి ధైర్యం కంటే ముందు ఎక్కాలు రావాలి. చీకట్లో, కుక్కలు మొరుగుతుండగా, దొడ్డి వాకిట నిలబడి తొమ్మిదింటిని లెక్కపెట్టుకుని, పదోది తనంతట తానే వెంటపడి వస్తే దాన్ని బతిమాలి వెనక్కి పంపగల నిగ్రహం కూడా ఉండాలి. గొర్రెలు ఒకదాని వెనుక ఒకటి పోతాయన్న సంగతి ఆ మహనీయులెవరూ పట్టించుకున్నట్టు లేదు.

లెక్కల తరువాత భూగోళం. దక్షిణ స్పెయిన్‌లోని బేటికా సభకు హాడ్రియన్ చక్రవర్తి రాసిన ఉత్తరువు ప్రకారం, కఠినాతికఠినంగా శిక్షించదలిస్తే వీరిని కత్తికి అప్పగించాలి, అయితే అది ఈ నేరం ముమ్మరంగా ఉన్నచోట మాత్రమే. మిగతాచోట్ల వెట్టిపనితో, ఒక్కోసారి కొద్దికాలపు వెట్టితోనే సరి. అంటే తోటి దొంగలు పలచగా ఉన్న ప్రాంతం చూసుకోవడం వివేకం.

ఆపైన పుట్టుక. పెద్దింటివాడైతే ఊరు విడిచి పొమ్మంటారు, లేదా హోదా తీసేస్తారు. ఇందులో మనకు వింతేమీ లేదు. విరాటుని ఆవులను తోలుకుపోయిన దుర్యోధనుణ్ని పసుల దొంగ అనే సాహసం మనమూ చేయలేదు, గోగ్రహణమని గౌరవంగా చదువుకున్నాం. ఆయుధం పట్టి తోలుకుపోయినవాణ్ని మాత్రం మృగాల ముందుకు తోసినా అన్యాయం కాదని ఉల్పియన్ అనే మరో న్యాయవేత్త తీర్పు.

ఇన్ని చిక్కులూ వద్దనుకునేవాడికి అదే అధ్యాయంలో రాజమార్గం ఉంది. పశువులు ఎవరివన్న తగాదా ముందే ఉండి, వాటిని తోలుకుపోతే, వ్యవహారం సివిల్ విచారణకు పోతుంది. అవి తనవేనని సకారణంగా, నిజంగా నమ్మి ఉండాలని షరతు పెట్టారు గానీ, పక్కవాడి ఎద్దును రోజూ చూస్తూ ఉంటే ఆ నమ్మకం కుదరడానికి ఎంతోకాలం పట్టదు. విచారణ తేలేదాకా ఆవుల పాలు ఎవరు పిండుకోవాలో ఆ అధ్యాయంలో కనిపించదు.