కన్నప్ప కాలు ఎక్కడ పెట్టాడు?

శ్రీకాళహస్తి కథ విన్నవాళ్లకు చెంచు వేటగాడు తిన్నడు, అంటే మన కన్నప్ప, కళ్లు పీక్కోవడం గుర్తుంటుంది. కాలి సంగతి చాలామంది మర్చిపోతారు. లింగం కంట నెత్తురు కారుతుంటే తన కన్ను ఒకటి ఇచ్చేశాడు, అప్పుడు స్వామి రెండో కంట నెత్తురు కారింది. తన రెండో కన్నూ తీసేస్తే ఇక చూపుండదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. అందుకని గుర్తుకోసం లింగం మీద కాలు ఆనించాడు. అచ్చంగా వేటగాడి తెలివి. గుడిలో ఇంతకు మించిన అపచారం ఉండదు. ఆ అపచారమే చేయకపోతే కన్ను పెట్టే దారీ లేదు.

భక్తి సాహిత్యంలో ఇంత నెత్తురెందుకని కొందరు మొహం చిట్లిస్తారు. నాకైతే అసలు ప్రశ్న అది కాదనిపిస్తుంది. ఎవరి నెత్తురన్నది చూడాలి.

శ్రీకాళహస్తిదే పాము, ఏనుగు కథ తీసుకోండి. పాము మణులు తెచ్చి లింగానికి పెడుతుంది. ఏనుగు వాటిని చెత్త అనుకుని తోసేసి, నీళ్లు పోసి, మారేడు ఆకులు పెడుతుంది. పాముకేమో ఆ ఆకులే చెత్త. ఒకరి పూజ ఇంకొకరికి మైల! చివరికి పాము తొండంలో దూరుతుంది, ఏనుగు బాధతో తల బండకేసి కొట్టుకుంటుంది, రెండూ చస్తాయి. ఎవరి పూజ సరైనదో శివుడు తేల్చడు, ఇద్దరికీ మోక్షమిస్తాడు. మనోభావాలు దెబ్బతిన్నాయని రోజూ వినే మనకు ఈ కథ కాస్త ఇబ్బందిగానే ఉండాలి. పదహారో శతాబ్దపు కవి ధూర్జటి తన శతకంలో, అక్కడే శివుణ్ని కొలిచిన సాలీడు ఏ వేదం చదివిందని, చెంచు తిన్నడు ఏ మంత్రం నేర్చాడని నిలదీశాడు. ఆ చెంచుకే ఈరోజుకీ బ్రహ్మోత్సవాల్లో తొలి ధ్వజారోహణం, అదీ ఆయన పేరున్న కొండ మీద.

అన్ని కథలూ ఇలాగే ఉంటాయని బుకాయించను. పాల్కురికి సోమన బసవపురాణంలో శివనింద చేసినవాళ్లను భక్తులు చంపే కథలూ ఉన్నాయి. తన కన్ను తీసివ్వడం వేరు, ఎదుటివాడి తల తీయడం వేరు. రెంటినీ 'వీరభక్తి' అని ఒకే గాటన కట్టేయడం నాకు నచ్చదు.

తిరుమలలో దెబ్బ ఏకంగా స్వామికే తగిలింది. చెరువు తవ్వే కైంకర్యంలో ఇంకెవరికీ వాటా ఇవ్వనన్నాడు అనంతాళ్వారు అనే భక్తుడు. నిండు గర్భిణి అయిన భార్యకు మట్టి మోయడంలో సాయం చేసిన కుర్రాణ్ని గునపంతో కొట్టాడు. గుడిలో చూస్తే విగ్రహం గడ్డం నుంచి నెత్తురు. స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అందుకే పెడతారని చెబుతారు. భక్తి కూడా పిసినారితనం చేస్తుందన్నమాట! ఆ గునపం ఇప్పటికీ మహాద్వారం దగ్గర వేలాడుతూ ఉంటుంది. క్యూలో తోపులాట మధ్య తలెత్తి చూసేవాళ్లు తక్కువ.