బాడీ కట్టించుకున్న దొరవారికి

మహారాజశ్రీ డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె దొరవారి సముఖానికి,

అమెరికాలో ఇండియానా రాష్ట్రం ఆబర్న్ ఊళ్ళో, పాతకాలపు కారైన మిమ్మల్ని కొలువుదీర్చిన మ్యూజియంలో, తాడుకి ఇవతల నిలబడి దణ్ణం పెట్టుకుని పోయిన బోలెడుమందిలో ఒకడు రాసుకునే విన్నపం. మీరు గుర్తుపట్టరు లెండి. మీ ముందు ఫోన్ ఎత్తిపట్టి, బెజవాడలో ఉన్న బాబాయికి వీడియో కాల్ చేసి చూపించింది నేనే.

మా బాబాయి ఆటోనగర్లో లారీలకి బాడీలు కట్టే మేస్త్రి. మీ గొప్పలు చదివి, కస్టమ్ కోచ్‌వర్క్, అంటే కొన్నవాడి ఇష్టప్రకారం బాడీ కట్టించడం, ఏదో మనకందని రాచమర్యాద అనుకున్నాను. తీరా చూస్తే సంగతి ఇదీ: ఇండియానాపొలిస్ ఫ్యాక్టరీ మీకు ధర కట్టేది ఒట్టి ఛాసిస్‌కి. ఇంజిను, చక్రాలు, ముందు రేడియేటరు లాంటివన్నమాట. ఒంటిమీద బట్ట కొన్నవాడి ఖర్చు. షోకున్నవాడు పసదీనాలో మర్ఫీ వాళ్ళ దగ్గర కట్టించుకునేవాడు, ఇంకొకడు న్యూయార్క్‌లో రోల్‌స్టన్ వాళ్ళ దగ్గర. సరిగ్గా మా ఆటోనగర్‌కి లారీ వచ్చే పద్ధతే. క్యాబిన్ లేని బండి మీద, చెక్కపెట్టె మీద కూర్చుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఎండకీ దుమ్ముకీ కళ్ళు చిట్లించుకుంటూ డ్రైవరు తోలుకొస్తాడు. మూడు వారాలు పోయాక అదే బండి రంగులేసుకుని, పూలదండ వేసుకుని, నిమ్మకాయలు తొక్కుకుంటూ బయటికి పోతుంది. కాబట్టి దొరవారూ, మీరూ మేమూ బంధువులమే. మీ వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

ఈ మాట చెవినపడగానే బాబాయి, "తలుపు సందు చూపించరా" అన్నాడు. చూపించాను. ఫోన్ దగ్గరికి పెట్టమన్నాడు, ఇంకాస్త దగ్గరికి అన్నాడు, కాపలా ఆయన దగ్గాడు. పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు, గోరు పట్టేంత. "లోపల ఏం వాడారు?" అని అడిగాడు. పైన రేకే గానీ లోపల అస్థిపంజరం చెక్కే, యాష్ అనే చెట్టుదట, అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "చెక్కేనా? మరి మనదీ చెక్కేగా!"

మీ ఇంజిను సంగతి వేరే. అక్కడ మాకు పోలిక లేదు. 1928 డిసెంబరులో న్యూయార్క్ ప్రదర్శనలో మీరు ముసుగు తీసినప్పుడు ఫ్యాక్టరీ చెప్పిన లెక్క 265 హార్స్‌పవర్. వీధిలో తిరిగే ఫోర్డుది అప్పుడు 40. వరసగా ఎనిమిది సిలిండర్లు, ఒక్కోదానికి నాలుగేసి వాల్వులు. గంటకి 119 మైళ్ళు పోతామన్నారు. మిమ్మల్ని తయారుచేసిన ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్ జర్మనీలో పుట్టి, చిన్నతనంలో అమెరికా వచ్చి, కాలేజీ గడప తొక్కకుండా ఇంజిన్లు నేర్చుకున్న మనిషి. ఆయన బళ్ళు 1921లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ అనే కార్ల పందెం గెలిచాయి. ఇండియానాపొలిస్ 500 పందెం మూడుసార్లు గెలిచాయి. డబ్బు పెట్టిన ఇ.ఎల్. కార్డ్ ఏడాదికి 500 బళ్ళు అమ్ముదామనుకున్నాడు.

ముహూర్తం మాత్రం ఎవరు పెట్టారో గానీ, పదకొండు నెలలు తిరక్కుండానే షేర్ మార్కెట్ కుప్పకూలింది. జనం సూప్ కోసం క్యూలో నిలబడ్డారు. ఆ కరువులో మీరేం చేశారు? 1933 చికాగో ప్రదర్శనకి 20,000 డాలర్ల సెడాన్ వేసుకెళ్ళారు. ధరే దాని పేరు: 'ట్వంటీ గ్రాండ్'. ఆ డబ్బుకి ముప్పై పైచిలుకు ఫోర్డులొచ్చేవి. మీ ప్రకటనలు ఇంకా చిత్రం. పడవ నడిపే ఆయన బొమ్మో, పెద్ద హాల్లో ఆర్గన్ ముందు కూర్చున్న ఆయన బొమ్మో వేసి, కింద ఒకే ముక్క: ఈయన డ్యూసెన్‌బర్గ్ నడుపుతారు. కారు బొమ్మ ఉండదు, ధర ఉండదు. అడగాల్సొస్తే కొనలేవని అర్థం. మా వైపు పెళ్ళి శుభలేఖలో తాతగారి పేరు ముందు బిరుదులు వేసి, పెళ్ళికొడుకు ఏం చేస్తాడో రాయకపోవడం లాంటిదే.

ఫ్రెడ్ గారు 1932లో మీ మీదే వెళ్తూ ప్రమాదంలో గాయపడి, న్యుమోనియా వచ్చి పోయారు. 1937కి దుకాణం మూతపడింది. ఏడాదికి 500 అనుకున్న బళ్ళు మొత్తం జన్మలో 480 పైచిలుకు.

అసలు అవస్థ ఆ తర్వాత మొదలైంది. కంపెనీ లేదు, స్పేర్ పార్టులు లేవు, పెట్రోలు మాత్రం మంచినీళ్ళలా తాగుతారు. సినిమా తారలు ఎక్కిన బళ్ళు సెకండ్‌హ్యాండ్ లాట్‌లో కొన్ని వందల డాలర్లకి పోయాయి. కొన్నవాళ్ళు ఊరుకున్నారా? ఒకరి బాడీ ఊడదీసి ఇంకొకరికి తొడిగారు. సెడాన్‌ని నరికి టాపు లేని బండి చేశారు. చిరిగిన చొక్కా మార్చినట్టు ఆత్మ శరీరం మారుస్తుందని కర్మకాండల రోజున పంతులుగారు చెప్తే మేం తలూపుతాం. మిమ్మల్ని సేకరించే భక్తులు మాత్రం ఈ ఒక్క విషయంలో అస్సలు ఒప్పుకోరు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ మీద జె తో మొదలయ్యే నంబరు, బాడీ నంబరు మూడూ కలవాలి. మొదటి పెళ్ళి బాడీయేనా, మారు మనువా అని టార్చిలైటు వేసి చూస్తారు. జాతకం, వంశం, హోదా అన్నీ కలిసిన సంబంధానికి కట్నం ఎలా పెరుగుతుందో ధర అలా పెరుగుతుంది. హాలీవుడ్ హీరో గ్యారీ కూపర్ నడిపిన పొట్టి మోడల్‌కి, అంటే రెండే రెండు చేసిన ఎస్‌ఎస్‌జె కి, 2018 వేలంపాటలో 2 కోట్ల 20 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో నూట యాభై కోట్ల పైమాటే. ఇదే సంగతి చెప్తే బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "ఎన్ని టన్నులు లాగుద్దిరా?"

నాకు జవాబు రాలేదు. మీరు ఇప్పుడు లాగడం కాదు, మిమ్మల్నే లాగుతున్నారు. ప్రదర్శనకి ట్రైలర్ ఎక్కి వెళ్తారు. కాలిఫోర్నియా పచ్చిక మీద దిగుతారు. ఇయర్‌బడ్‌తో చక్రాల పుల్లలు తుడిపించుకుంటారు. మళ్ళీ ట్రైలర్ ఎక్కి ఏసీ గదికి పోతారు. పాత కార్లు సేకరించే అమెరికా టీవీ హాస్యగాడు జే లెనో లాంటివాళ్ళు మిమ్మల్ని రోడ్డెక్కిస్తారని తెలుసు, వాళ్ళకి నా నమస్కారాలు. పుట్టిన వాళ్ళలో ముప్పావు వంతు దాకా బతికే ఉన్నారంటారు. మా ఆటోనగర్ నుంచి 1930లలో బయల్దేరిన లారీ ఉండుంటే ఒక్కటి కూడా మిగిలేది కాదు, అన్నీ పనిచేసి చచ్చేవి.

మీ డ్యాష్‌బోర్డు మీద నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ చిన్న దీపాలు. ఇన్ని మైళ్ళు తిరిగాక ఆయిల్ మార్చమని ఒకటి, బ్యాటరీలో నీళ్ళు చూడమని ఇంకొకటి వాటంతటవే వెలుగుతాయట. తొంభై ఏళ్ళ కింద! నా టొయోటాలో అలాంటిది వెలిగితే నెలకిపైగా చూడనట్టు నటిస్తాను. మీకా బాధ లేదు. తిరిగితే కదా వెలగడం.

వచ్చేముందు వంగి చూశాను. మీ ఇంజిను కింద చదరంగా కోసిన అట్టముక్క ఒకటి పెట్టారు. దాని మీద రూపాయి బిళ్ళంత ఆయిల్ మరక, మధ్యలో ఇంకా తడిగా మెరుస్తోంది. ఫోన్ అటు తిప్పాను. బాబాయి కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"గాస్కెట్ పోయింది. మార్పించమను," అన్నాడు.

నూట యాభై కోట్ల జాతి బండికి గాస్కెట్ మార్పించమని తెల్లజుట్టు కాపలా ఆయనకి చెప్పే ధైర్యం చాలక, మీకే రాసుకుంటున్నాను. చిత్తగించగలరు.

ఇట్లు,
తాడుకి ఇవతలివాడు