సర్వే కాగితం చెత్తబుట్టలో వేసే ముందు

డాలస్‌కి ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో, అలెన్, మెకినీ, ప్రాస్పర్ వైపు ఉండే తెలుగువాళ్ళని "మీ ఊరెలా ఉంది?" అని అడిగితే జవాబు దాదాపు ఒకేలా వస్తుంది. రోడ్లు బాగున్నాయి, స్కూళ్ళు బాగున్నాయి, పార్కులు శుభ్రంగా ఉంటాయి, పోలీసులకి ఫోన్ చేస్తే నిమిషాల్లో వస్తారు. అంతటితో ఆగరు. ప్రాపర్టీ టాక్స్ నడ్డి విరుస్తోంది, సాయంత్రమైతే 380 హైవే మీద కారు కదలదు, ఊరినుంచి అమ్మానాన్న వస్తే గడప దాటలేకపోతున్నారు, సంక్రాంతికి ఆడిటోరియం దొరక్క చచ్చిపోతున్నాం. ఇవన్నీ మనం ఒకరికొకరం చెప్పుకుంటాం. పుట్టినరోజు పార్టీల్లో, గుడి పార్కింగ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో. కానీ మీ అభిప్రాయం చెప్పండి అంటూ సిటీ వాళ్ళే కవరు పంపిస్తే, క్రెడిట్ కార్డు ఆఫర్లతో పాటు దాన్నీ చెత్తబుట్టలో వేస్తాం. నాకు తెలిసిన ఇళ్ళల్లో ఆ సర్వే నింపి పంపినవాళ్ళు చాలా అరుదు.

ఇది మనకి నష్టం. "మా ఊళ్ళో ఇంతమంది సంతృప్తిగా ఉన్నారు" అని సిటీ ప్రకటించుకునే అంకెలో మనం లేకపోతే, ఆ అంకెని బట్టి జరిగే ఖర్చులోనూ మనం ఉండం.

ఈ సర్వేలు ఎలా నడుస్తాయో మనలో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అమెరికాలో చాలా ఊళ్ళు ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి బయటి సంస్థ చేత ఈ పని చేయిస్తాయి. కాన్సాస్‌లోని ఈటీసీ ఇన్‌స్టిట్యూట్ ఒకటి, నేషనల్ కమ్యూనిటీ సర్వే నడిపే పోల్కో ఒకటి, ఈ రంగంలో పేరున్నవి. ఊళ్ళోని చిరునామాల్లోంచి లాటరీ తీసినట్టు కొన్నింటిని ఎంచి, ఆ ఇళ్ళకి మాత్రమే కాగితం పంపుతారు. అంటే మీకు కవరు వచ్చిందంటే, మీ వీధిలో ఇంకెవరికీ రాకపోయి ఉండవచ్చు. మీరు పారేస్తే ఆ వీధి మాట అక్కడితో సరి.

వచ్చిన జవాబుల్ని ఏం చేస్తారు? ఈటీసీ వాళ్ళ పద్ధతిలో ప్రతి సేవ గురించీ రెండు సంగతులు చూస్తారు. దాంతో ఎంతమంది సంతృప్తిగా ఉన్నారు, రాబోయే ఏళ్ళలో అదే ముఖ్యమని ఎంతమంది ఎంచుకున్నారు. ముఖ్యమన్నవాళ్ళ వాటాని, సంతృప్తి లేనివాళ్ళ వాటాతో గుణిస్తారు. ఉదాహరణకి ట్రాఫిక్ ముఖ్యమని 100లో 40 మంది అని, దాంతో సంతృప్తి 50 మందికే ఉందనుకోండి. లెక్క 0.20 వస్తుంది. చెత్త తీసుకెళ్ళడం 10 మందికే ముఖ్యమై, 90 మందికి దాంతో తృప్తి ఉంటే 0.01. పెద్ద అంకె ఉన్నది పట్టిక పైకి వెళుతుంది, ఆ పట్టిక కౌన్సిల్ ముందుకి వెళుతుంది. పెద్దవాళ్ళు కారు లేకుండా తిరిగే సదుపాయం ముఖ్యమని మనం టిక్కు పెట్టకపోతే ఆ వరుస అడుగునే ఉండిపోతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండక్కర్లేదు, లెక్కే అలా వస్తుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. శాతాలు కట్టేటప్పుడు "తెలియదు" అన్న జవాబుల్ని మామూలుగా పక్కన పెట్టేస్తారు. మనవాళ్ళు కాగితం నింపినా ఎక్కువగా వాడేది ఆ గడినే. మొహమాటం కొంత, ఎందుకొచ్చిన గొడవ అన్న జాగ్రత్త కొంత.

ఈ మెలిక మా ఇంట్లోనే చూశాను. నేషనల్ కమ్యూనిటీ సర్వే లాంటి వాటిలో కవరు మీద ఎవరి పేరున్నా, ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళలో ఎవరి పుట్టినరోజు ఈమధ్యే వెళ్ళిందో వాళ్ళే నింపాలని ఉంటుంది. ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ మాట ఒక్కటే వినబడకుండా పెట్టిన నియమం అది. మా ఇంట్లో ఆ వంతు మా ఆవిడకి వచ్చింది. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చకచకా టిక్కులు పెడుతూ, "బస్సులో తిరగడం ఎంత సులువు?" అన్న చోట తెలియదు గడి మీద పెన్ను పెట్టింది. ఆవిడ ఇక్కడ ఎప్పుడూ బస్సెక్కలేదు మరి. పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తగారు అదేం ప్రశ్న అని అడిగి తెలుసుకుని, "తెలియకపోవడమేంటే? లేదుగా! లేదనే రాయి" అన్నారు. మా ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి "బాగాలేదు" గడిలో టిక్కు పెట్టింది.

ఆ ఒక్క టిక్కు వెనక ఆరు నెలల కథ ఉంది. అత్తగారు తెనాలిలో పొద్దున్నే ఒక్కరే మార్కెట్‌కి వెళ్ళి, బేరమాడి కూరలు తెచ్చుకుని, దారిలో గుడికి వెళ్ళి ఇంటికొచ్చే మనిషి. ఇక్కడ ఇండియన్ స్టోర్ మా గేటు నుంచి ముప్పావు మైలు కూడా ఉండదు. కానీ సైడ్‌వాక్ మా కమ్యూనిటీ గోడ ఉన్నంతవరకే ఉంటుంది. ఆ తర్వాత ఇంకా ఎవరూ కట్టని స్థలం, గడ్డి, నలభై అయిదు మైళ్ళ వేగంతో కార్లు. మళ్ళీ షాపుల దగ్గర సైడ్‌వాక్ మొదలవుతుంది. మధ్యలో ఆ ముక్క లేనందుకు ఆవిడ అల్లుడు ఆఫీసునుంచి ఎప్పుడొస్తాడా అని కొత్తిమీర కట్ట కోసం కూడా ఎదురుచూడాలి. "బాబూ, ఈ ఊళ్ళో మనుషులెవరూ నడవరా?" అని అడిగారు ఒకరోజు. వచ్చిన కొత్తలో హుషారుగా ఉండే మనిషి రెండో నెలకల్లా కిటికీ దగ్గర కుర్చీకి అతుక్కుపోయారు. ఇలాంటి అమ్మలూ నాన్నలూ మన ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ళ జీవన నాణ్యత ఏ పట్టికలోనూ లేదు, ఎందుకంటే వాళ్ళ తరఫున జవాబు చెప్పాల్సింది మనం. సర్వే చివర ఖాళీ వదిలిన గీతల మీద మా ఆవిడ ఆ సైడ్‌వాక్ ముక్క ఎక్కడినుంచి ఎక్కడిదాకా లేదో వీధుల పేర్లతో సహా రాసింది. అది ఇంకా రాలేదు. అయినా రాసి ఉండడం ముఖ్యమని నా నమ్మకం.

బస్సు విషయంలో ఒక సంగతి తెలుసుకుంటే మన కోపం సరైన చోటికి వెళుతుంది. టెక్సస్‌లో ఊళ్ళు వేసుకునే అమ్మకం పన్ను మొత్తం మీద 2 శాతం దాటకూడదు. 1983లో ఏర్పడిన డాలస్ ప్రాంత ప్రజా రవాణా సంస్థ డార్ట్‌లో చేరిన ప్లేనో, రిచర్డ్‌సన్, ఇర్వింగ్ లాంటి ఊళ్ళు అందులో 1 శాతం దానికి ఇస్తాయి. 2025 అక్టోబరులో మొదలైన సిల్వర్ లైన్ రైలు ప్లేనో నుంచి ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళేది చాలావరకు ఆ డబ్బుతోనే. ఫ్రిస్కో అందులో లేదు. ఆ 1 శాతాన్ని అరా, అరా చేసి రెండు అభివృద్ధి కార్పొరేషన్లకి ఇచ్చుకుంది. స్టేడియాలూ ఆఫీసులూ ఉద్యోగాలూ రావడంలో ఆ డబ్బుకి పెద్ద పాత్రే ఉంది, కాదనను. కానీ అది ఒక ఎంపిక. ఊళ్ళో కారు నడపలేనివాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిసి చేసిన ఎంపిక ఒకలా ఉంటుంది, తెలియకుండా చేసింది ఇంకోలా ఉంటుంది.

ఎవరి పని ఏదో తెలియకపోవడం మన ఇంకో బలహీనత. టోల్ పెరిగితే సిటీని తిడతాం, ఆ రోడ్డు నార్త్ టెక్సస్ టోల్‌వే అథారిటీది. 380 రాష్ట్ర రవాణా శాఖది. స్కూలు పూర్తిగా వేరే ప్రభుత్వం, దానికి వేరే బోర్డు, వేరే పన్ను రేటు. మన ప్రాపర్టీ టాక్స్ బిల్లులో అన్నిటికన్నా పెద్ద భాగం దానిదే. 2024లో ప్లేనో ఐఎస్‌డీ, అంటే అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్, పిల్లలు తగ్గిపోయారని నాలుగు స్కూళ్ళు మూసేయాలని తీర్మానిస్తే, "సిటీ ఇలా చేసిందేంటి" అన్న మెసేజ్‌లు మా గ్రూపులో చాలా వచ్చాయి. మార్చి వచ్చిందంటే కుళాయి నీళ్ళు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయని ఏటా అదే టెన్షన్. ఈ ఊళ్ళలో చాలావాటికి నీళ్ళిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఆ నెలలో పైపులు శుభ్రపడడానికి అమ్మోనియా కలపడం ఆపి క్లోరిన్ మాత్రమే వాడుతుంది, వాసన అందుకే. ఆ సంగతి ముందే ప్రకటిస్తారు కూడా. అసంతృప్తి ఉండడం తప్పు కాదు. అది చేరాల్సిన చోటికి చేరకపోతే మనకి ఒరిగేదేమీ లేదు.

మనవాళ్ళకి ప్రభుత్వంతో మాట్లాడడం చేతకాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. పన్ను కోసం ఇంటి విలువ ఇంత అని చెప్పే అప్రైజల్ నోటీసు వచ్చిందంటే మే 15 లోపు ప్రొటెస్ట్ వేయడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. పక్కింటి అమ్మకం ధరలు, పునాదిలో పగుళ్ళ ఫొటోలు, అన్నీ పెట్టి వాదిస్తాం. అంత ఓపిక ఉన్నవాళ్ళం, అదే పన్ను రేటు మీద ఆగస్టు, సెప్టెంబరుల్లో కౌన్సిల్ చర్చ పెడితే మాత్రం వెళ్ళం. నేను వెళ్ళినప్పుడు హాల్లో సగం కుర్చీలు ఖాళీ, తెలుగు ముఖాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. విలువ మీద పోట్లాడి, రేటునీ ఆ రేటుతో వచ్చిన డబ్బు ఎటు పోవాలన్న మాటనీ వదిలేస్తున్నాం.

మే నెల ఎన్నికలదీ అదే కథ. టెక్సస్‌లో చాలా ఊళ్ళ కౌన్సిల్ ఎన్నికలు మే మొదటి శనివారం జరుగుతాయి. 2025 మేలో ఫ్రిస్కో ఓటర్లు పెద్ద కళాకేంద్రం కట్టే ప్రతిపాదనని తిరస్కరించారు. ఖర్చు ఎక్కువన్న వాదనకి బలం ఉంది, నేను దాని జోలికి పోను. కూచిపూడి ప్రదర్శనకి, ఉగాది కవి సమ్మేళనానికి స్కూలు ఆడిటోరియం తేదీల కోసం కాళ్ళరిగేలా తిరిగే మన సంఘాలు అవునో కాదో ఒక మాట గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఏ పరిమాణంలో కడితే మనకి ఉపయోగమో, అద్దె ఎంత ఉంటే చిన్న సంఘాలకి అందుతుందో చెప్పి ఉండాల్సింది.

"మేం హెచ్‌1బీ మీద ఉన్నాం, మాకెందుకు?" అనేవాళ్ళకి ఒక మాట. ఓటుకి పౌరసత్వం కావాలి. సర్వేకి అక్కర్లేదు. అందులో అడిగేది మీరు ఆ ఊళ్ళో ఉంటున్నారా లేదా అన్నదే. 2019 నుంచి టెక్సస్ చట్టం ప్రకారం, ఎజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడాలనుకునే ఏ మనిషికైనా కౌన్సిల్ అవకాశం ఇవ్వాలి. ఆ చట్టం పౌరులు అనలేదు, ప్రజల్లో ఎవరైనా అంది. గ్రీన్ కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషి ఈ ఊళ్ళో ఇల్లు కొని, పన్ను కట్టి, పిల్లల్ని చదివిస్తున్నాడు. అతని మాటకి విలువ లేదని అతనే అనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ మౌనం మనకి ఇండియా నుంచే వచ్చిందని నాకనిపిస్తుంది. ఊళ్ళో పని కావాలంటే తెలిసినవాళ్ళని పట్టుకోవాలి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పట్టుకుని వరసలో నిలబడాలి. కాగితం మీద టిక్కు పెడితే ఏదైనా మారుతుందని మనకి నమ్మకం లేదు. 2020 డిసెంబరులో జీహెచ్‌ఎంసీ ఎన్నికలకి హైదరాబాద్‌లో సగం మంది కూడా ఓటేయలేదు. కానీ టిక్కులకి ఉన్న బలం మన పక్క రాష్ట్రంలోనే రుజువైంది. 1994లో ఆర్థికవేత్త శామ్యూల్ పాల్, ఆయనతో కలిసి కొందరు పౌరులు బెంగళూరులో మామూలు ఇళ్ళకీ మురికివాడలకీ వెళ్ళి నీళ్ళు, కరెంటు, టెలిఫోను, కార్పొరేషన్ సేవలకి మార్కులు వేయించారు. రిపోర్ట్ కార్డు పత్రికలకెక్కింది, మార్కులు చాలా తక్కువ. 1999లో మళ్ళీ చేశారు, కొద్దిగా మెరుగు. 2003లో మూడోసారి చేసేసరికి చాలా సేవలకి మార్కులు బాగా పెరిగాయి. ఆ మార్కులే కారణమని నేననను, ప్రభుత్వమూ అధికారులూ కూడా పనిచేశారు. మార్కులు లేకపోతే ఎక్కడ పనిచేయాలో వాళ్ళకి అంత స్పష్టంగా తెలిసేది కాదు.

భాష అడ్డమైతే దానికీ దారి అడగవచ్చు. 2020 జనాభా లెక్కల ఫారం నింపడానికి అమెరికా సెన్సస్ బ్యూరో 59 భాషల్లో గైడ్లు తయారుచేసింది, అందులో తెలుగు ఉంది. ఫెడరల్ ప్రభుత్వం చేయగలిగిన పని, ఇంతమంది తెలుగువాళ్ళున్న సిటీ చేయలేదా? సర్వే స్పానిష్‌లో ఇస్తున్నప్పుడు తెలుగులో కూడా ఒక పేజీ వివరణ ఇవ్వమని మన తెలుగు సంఘం తరఫున ఉత్తరం రాయాలి. అనువాదం మనమే చేసిపెడతామని అందులోనే చెప్పాలి.

దాంతోపాటు సంఘం కార్యవర్గాన్ని ఇంకొకటి అడుగుతున్నాను. ఉగాది సంబరాల్లో రిజిస్ట్రేషన్ బల్ల పక్కన ఇంకో బల్ల వేయండి. ఏ ఊరి సర్వే ఎప్పుడొస్తుంది, కవరు రానివాళ్ళకి ఆన్‌లైన్‌లో నింపే వీలుందా, కౌన్సిల్ సమావేశం ఏ రోజు, మే ఎన్నికలకి ఓటరుగా నమోదు గడువు ఎప్పుడు అన్నవి ఒక కాగితం మీద రాసిపెట్టండి. హైస్కూలు పిల్లలు వాలంటీర్ గంటల కోసం సంతోషంగా వస్తారు. అమ్మమ్మలనీ తాతయ్యలనీ కూర్చోబెట్టి ఈ ఊళ్ళో మీకేం ఇబ్బందిగా ఉందని అడిగి వాళ్ళ మాటల్లోనే రాసుకుంటే, కౌన్సిల్‌కి ఇవ్వడానికి మన దగ్గరా ఒక రిపోర్ట్ ఉంటుంది. ఆ బల్ల దగ్గర కూర్చోడానికి నేనూ మా ఆవిడా వస్తాం.