జర్నలిజం విద్యార్థి వైవా ఊళ్ళో జరగాలి

1998 సెప్టెంబరులో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆంథొనీ పోర్టర్ అనే ఖైదీ మరణశిక్ష అమలుకు రెండు రోజులే మిగిలి ఉండగా, అతని మానసిక స్థాయిని పరీక్షించాలంటూ న్యాయస్థానం శిక్షను తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ వ్యవధిలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు మెడిల్ జర్నలిజం కళాశాల విద్యార్థులు తమ తరగతి ప్రాజెక్టుగా ఈ కేసును చేపట్టారు. 1982లో షికాగోలోని వాషింగ్టన్ పార్కులో జంట హత్యలు జరిగిన చోటికి వెళ్ళి, సాక్షి చెప్పిన ప్రకారం ఘటనను తామే నటించి చూసి, ఆ సాక్ష్యం నిలవదని నిర్ధారణకు వచ్చారు. సాక్షి తన పాత వాంగ్మూలాన్ని వెనక్కి తీసుకున్నాడు, మరొక వ్యక్తి నేరం ఒప్పుకుంటున్న వీడియో బయటికి వచ్చింది, 1999 ఫిబ్రవరిలో పోర్టర్ విడుదలయ్యాడు. గవర్నర్ జార్జ్ రయన్ 2000 జనవరిలో మరణశిక్షల అమలును ఆపడానికి ఈ కేసు ఒక ముఖ్య కారణం. 2011లో ఆ రాష్ట్రం మరణశిక్షనే రద్దు చేసింది.

విద్యార్థుల పరిశోధనను మెచ్చుకునేవారు తరచూ ఇక్కడితో ముగిస్తారు. అయితే నేరం ఒప్పుకున్న ఆ రెండో వ్యక్తి పదిహేనేళ్ళు జైలులో గడిపాక, 2014 అక్టోబరులో ప్రాసిక్యూషనే అతని శిక్షను రద్దు చేయించి విడుదల చేయించింది. ప్రాజెక్టు తరఫున పనిచేసిన ప్రైవేటు పరిశోధకుడు, ఒక నటుడితో చెప్పించిన అబద్ధపు సాక్ష్యాన్ని వీడియోలో చూపి అతని నుంచి ఒప్పుకోలు రాబట్టాడు. హంతకుడెవరన్నది నేటికీ వివాదమే. విద్యార్థుల చేతికి ఇంత పెద్ద పని ఇవ్వకూడదని దీన్నిబట్టి వాదించేవారితో నేను ఏకీభవించను. ఆ తరగతి ఒక మనిషి నిర్దోషి అని నమ్మి బయలుదేరింది. ఆ నమ్మకాన్ని ప్రతి మెట్టులోనూ సందేహించే బాధ్యత ఒకరికి ప్రత్యేకంగా అప్పగించి ఉండవలసింది. పత్రికా కార్యాలయంలో ఆ పని వార్తలను సరిచూసి దిద్దే డెస్కు చేస్తుంది, తరగతిలో గైడు చేయాలి.

అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచిన న్యూస్21 ప్రాజెక్టులో ఈ జాగ్రత్త కనిపిస్తుంది. 2012లో విద్యార్థులు 50 రాష్ట్రాల అధికారులను రికార్డులు అడిగి, 2000 సంవత్సరం తరువాత వచ్చిన 2,068 ఎన్నికల అక్రమాల ఆరోపణలను సేకరించగా, పోలింగు కేంద్రంలో ఒకరి పేరుతో మరొకరు ఓటు వేసిన కేసులు అందులో 10 మాత్రమే తేలాయి. కొన్ని చోట్ల జవాబు రాలేదనీ తమ జాబితా సమగ్రం కాదనీ వారే రాశారు. ఆ ఒక్క వాక్యం రాయగలగడమే పరిశోధకుడికి రావలసిన మొదటి విద్య అని నేను భావిస్తాను.

ఇక మన విశ్వవిద్యాలయాల సంగతి. ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం బోధన ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ మరికొన్ని చోట్లా శాఖలున్నాయి. అయినా చివరి సెమిస్టరు డిజర్టేషన్ (పరిశోధన వ్యాసం) అనగానే నేను చూసినవాటిలో ఎక్కువ భాగం రెండే మూసల్లో ఉంటాయి: రెండు దినపత్రికల నెల రోజుల సంచికలు ముందేసుకుని ఏ వార్తకు ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు ఇచ్చారో కొలవడం, లేకపోతే తోటి విద్యార్థులకు వంద ప్రశ్నావళులు పంచి శాతాలు కట్టడం. తెలుగు పత్రిక గురించి, తెలుగు పాఠకుడి గురించి చేసిన ఆ పరిశోధనను ఇంగ్లీషులో రాసి, బైండింగు చేయించి, వైవా (మౌఖిక పరీక్ష) ముగిశాక శాఖ బీరువాలో పెడతారు. ఎవరి గురించి రాశారో వారు దాన్ని ఎన్నడూ చదవరు కనుక అందులో తప్పు ఉందని చెప్పగలిగినవారే ఉండరు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

నిజానికి మన విద్యార్థికి ఉన్న సాధనాలు తక్కువేమీ కావు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసుకున్న నిబంధనల్లో గ్రామ స్థాయి దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీని దేశంలో అందరికన్నా ముందు పెద్ద ఎత్తున చేపట్టిన రాష్ట్రం కూడా అదే. మస్టర్లలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో, ఉన్న పేర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, పని చేశావా, కూలి అందిందా అని అడిగి, తేలిన విషయాన్ని గ్రామసభలో అందరి ముందు చదివి, తరువాత మండల ప్రజావేదికలో అధికారుల సమాధానం వినడం ఆ పద్ధతి. వార్తను సరిచూసుకోవడానికి ఇంతకన్నా కఠినమైన డెస్కు నాకు తెలియదు.

జర్నలిజం డిజర్టేషన్‌కు ఈ పద్ధతినే తీసుకోవాలని నా ప్రతిపాదన. విద్యార్థి ఒక మండలాన్ని ఎంచుకుని, అక్కడి తాగునీటి పథకం మీదనో, పత్రికకు జీతం లేకుండా లైన్ అకౌంటు మీద, అంటే అచ్చయిన వార్త నిడివిని బట్టి వచ్చే డబ్బుకు, వార్తలు పంపే కంట్రిబ్యూటరు బతుకు మీదనో పని చేయాలి. తెలుగులో రాయాలి. వైవాకు ముందు ఆ ఊళ్ళోనే దాన్ని చదివి వినిపించి, వచ్చిన అభ్యంతరాలను, వాటికి తన జవాబులను ఒక అధ్యాయంగా చేర్చాలి. ఆరోపణ ఎదుర్కొనే అధికారికీ అక్కడే మాట్లాడే అవకాశం ఉండాలి.

మన ప్రవాస తెలుగు సంఘాలు ఇంజనీరింగు, వైద్య విద్యార్థులకు ఏటా ఉపకారవేతనాలు ఇస్తున్నాయి. జర్నలిజం విద్యార్థిని తలచుకోవడం అరుదు. అతనికి కావలసిన మొత్తం కూడా పెద్దది కాదు. బస్సు చార్జీలు, జిరాక్సు ఖర్చులు, ఊళ్ళో నెల రోజుల బస, అచ్చుకు ముందు ఒక న్యాయవాది చదివి చెప్పడానికి ఫీజు, ఇవి చాలు. ఇక్కడ పత్రికల్లో పనిచేసిన తెలుగువారు వారానికి ఒక గంట ఫోనులో అతని చిత్తుప్రతిని వాక్యం వెంట వాక్యం ప్రశ్నిస్తే ఆ సాయం డబ్బు కన్నా విలువైనది. మన సంఘం వచ్చే కార్యవర్గ సమావేశంలో మొదటి విడతగా అయిదుగురు విద్యార్థులకు ఈ సహాయం మంజూరు చేయాలని సభ్యులను కోరుతున్నాను.