చప్పుడు చేయని పెట్టె

కోపం చల్లారకముందే రాసేయాలి. చల్లారితే ఇదంతా వట్టి డ్రాయింగుగా మిగిలిపోతుంది.

పెట్టె 120 మి.మీ. పొడవు, 80 వెడల్పు, 60 ఎత్తు. పైన పక్కకు జరిగే మూత, దాని మందం 18 మి.మీ. బయటికి తాళంకప్ప లేదు, మీట లేదు, బెజ్జం లేదు. లోపల రెండు రహస్య తాళాలు. నలుగురి ముందు డిజైనరుగారు తెరిచి చూపించాలి, చప్పట్లు పడాలి, చేయించుకున్న పెద్దమనిషి దాన్ని కానుకగా ఇవ్వాలి. చెక్క కోత, జిగురు, పాలిష్, ఆలస్యం, ఫోన్ల మీద ఫోన్లు: అవన్నీ వదిలేద్దాం. పెట్టె బల్ల మీదికి వచ్చింది.

మొదటి తాళం ఈ వృత్తిలో అక్షరాభ్యాసం లాంటిది. 3 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. పొడవు ఉన్న పిన్ను. దానికి పెట్టె గోడ అంచులో 4 మి.మీ. లోతు బెజ్జం, సరిగ్గా దాని పైన మూత అడుగు భాగంలో 13 మి.మీ. లోతు బెజ్జం. పెట్టె మామూలుగా కూర్చున్నప్పుడు పిన్ను కింది బెజ్జంలో 4 మి.మీ. దిగి, మిగతా 8 మి.మీ. మూతలో నిలబడుతుంది. మూత కదలదు. పెట్టెను తలకిందులు చేస్తే పిన్ను మొత్తం మూతలోకి జారిపోతుంది. లోతు 13, పిన్ను 12, ఇంకా ఒక మిల్లీమీటరు మిగులు. మూత జరుగుతుంది. ఈ మొత్తం కథలో గుర్తుపెట్టుకోవలసింది ఆ ఒక్క మిల్లీమీటరునే.

బెజ్జం వ్యాసం 3.3 మి.మీ. ఎందుకు అంటే, 3.1 పెడితే చెక్క తేమ పీల్చి బెజ్జం కోలగా మారిన రోజున పిన్ను పట్టేస్తుంది. 3.6 పెడితే పిన్ను లోపల ఒరిగి, దాని అంచు గోడకు గుచ్చుకుని ఆగిపోతుంది. డ్రిల్లు తీశాక బెజ్జం మూతి దగ్గర లేచిన పోగుల్ని ఉప్పు కాగితంతో తీసేయాలి. నూనె చుక్క వేద్దామా అనిపిస్తుంది, వేయకూడదు. నూనె, చెక్కపొడి కలిసి ముద్దవుతాయి, పిన్ను అందులో కాపురం పెడుతుంది. పెన్సిల్ ముల్లు గీకిన పొడి చాలు.

బెజ్జం ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సంగతి. చెక్క పలక తేమ శాతం నాలుగు పెరిగితే వెడల్పులో దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది. పొడవులో ఉబ్బు లెక్కలోకి రాదు. 80 మి.మీ. మూత అంటే 0.8 మి.మీ. పిన్నును మూత పక్క అంచున పెడితే పై బెజ్జం, కింది బెజ్జం ఒకదానికొకటి 0.4 మి.మీ. దాకా తప్పుకుంటాయి, పిన్ను మధ్యలో నలుగుతుంది. అందుకే దాన్ని వెడల్పు మధ్యగీత మీద పెట్టారు. మూత ఎటు ఉబ్బినా మధ్యగీత కదలదు. డిజైనరుగారు అంత జాగ్రత్తపరుడు. ఆ మాట ఇక్కడే చెప్పేయాలి, ముందు ముందు చెప్పడానికి అవకాశం రాదు.

రెండో తాళం తిప్పుడు తాళం. మూత లోపల, నడిమి నుంచి రెండు వైపులకు ఎదురెదురుగా రెండు గాడులు, గాడికో పిన్ను. రెండూ లోపలికి వచ్చి ఉంటే పెట్టెకు బిగించిన మేకుకు అడ్డు నిలుస్తాయి. ఒక పక్కకు వంచితే ఒక పిన్ను బయటికి జారుతుంది, రెండోది ఇంకా లోపలికి వస్తుంది. రెండూ ఒకేసారి బయటికి పోవాలంటే పెట్టెను గిర్రున తిప్పడం ఒక్కటే దారి. పిన్ను నడిమి నుంచి 15 మి.మీ. దూరంలో ఉండి, పిన్నుకూ చెక్కకూ మధ్య రాపిడి గుణకం 0.3 అనుకుంటే, సెకనుకు రెండుంబావు చుట్లు చాలు. ఆపాక రాపిడే వాటిని బయట నిలిపి ఉంచుతుంది, పెట్టెను పదిహేడు డిగ్రీలకు మించి వంచనంత వరకు. పిన్నులకు బదులు గోళీలు వేస్తే మాత్రం అవి దొర్లుకుంటూ వచ్చేస్తాయి, నిలవవు.

ఇదంతా తయారై, పనిచేసి, తెరుచుకుని, మూసుకుని, మళ్ళీ తెరుచుకున్న తర్వాత పెద్దమనిషి చూడటానికి వచ్చారు.

చూడటానికి వచ్చినవారు చూసి వెళ్ళిపోతే ప్రపంచంలో సగం యంత్రాలు ఇంకా పనిచేస్తూ ఉండేవి. ఆయన పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. లోపల టిక్కుమంది. "ఏమండీ, ఇది చప్పుడు చేస్తోందే! రహస్యం బయటపడిపోదూ?" అన్నారు. మాట న్యాయమైనదే. పజిల్ విప్పడం అలవాటైనవాళ్ళు ముందు చేతులతో కాదు, చెవులతో వెతుకుతారు. కాకపోతే ఆ టిక్కు చేసినవాడి చెవికి కూడా కావాలి, పిన్ను దిగిందని చెప్పేది అదొక్కటే. ఈ రెండో సగం వినడానికి ఆయనకు తీరిక లేకపోయింది.

తర్వాతి ప్రశ్న, "ఉక్కు పిన్నులంటున్నారు, ఎవరైనా అయస్కాంతం పెట్టి లాగేస్తే?" ఉక్కు తీసేసి ఇత్తడి వేశారు. దీనివల్ల నష్టమేమీ లేదు, పైగా పిన్ను బరువు 0.67 గ్రాముల నుంచి 0.72కి పెరిగింది. ఆయన సలహాల్లో లాభం తెచ్చింది ఇదొక్కటే అని అప్పట్లో అనుకున్నారు.

తర్వాత పెట్టెను బోర్లించి అడుగు చూశారు. అక్కడ 2 మి.మీ. బెజ్జం ఒకటి, మైనంతో మూసి ఉంది. "ఇదేమిటి, చెద తొలిచిందా?" కాదు, అది ఆపద్ధర్మపు బెజ్జం. అడుగు నుంచి నిట్టనిలువుగా 38 మి.మీ. వెళ్ళి పిన్ను కింద తేలుతుంది. ఏ కారణం చేతనైనా పిన్ను మొరాయిస్తే సన్నని తీగ దూర్చి పైకి నెట్టేయవచ్చు. రహస్య తాళం చేసేవాడు ముందు గీయవలసింది తాళాన్ని కాదు, ఈ బెజ్జాన్ని. "అందం చెడిపోయింది, పూడ్చేయండి" అన్నారు. చెక్క మేకు కొట్టి, జిగురు పోసి, పాలిష్ చేసి పూడ్చేశారు. ఎంత బాగా పూడ్చారంటే తర్వాత అది ఎక్కడుండేదో చేసినవాళ్ళకే కనిపించలేదు.

వెళుతూ వెళుతూ, "విప్పే విధానం రాసిన కాగితం కూడా లోపలే పెట్టేయండి, పద్ధతిగా ఉంటుంది" అని సెలవిచ్చారు. పెట్టారు.

ఇక చప్పుడు సంగతి. బెజ్జాల అడుగున ఒక మిల్లీమీటరు మందం ఉన్ని ఫెల్ట్ (ఉన్నిని అదిమి చేసిన మెత్తని గుడ్డ) బిళ్ళలు అతికించారు. జిగురు 0.2 మి.మీ. కూడికలు వచ్చినవారికి ఇక్కడే ఒళ్ళు జలదరించాలి. 13లోంచి 1.2 పోతే 11.8. పిన్ను 12. అంటే తలకిందులు చేసినా పిన్ను 0.2 మి.మీ. బయటికి తొంగిచూస్తుంది, రెండు కాగితాల మందమంత. మూతను ఆపడానికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. పిన్ను చివర కాస్త గుండ్రంగా ఉంటే మూత నెట్టినప్పుడు అదే లోపలికి ఒదిగేది. కానీ గుండ్రటి చివర ఉన్న పిన్నును ఎవరైనా బలంగా నెట్టి ఓడించవచ్చు కదా, అందుకని చివరలు చదునుగా, పదునుగా కోయించారు. జాగ్రత్త అన్నానుగా.

మరి మూత అసలు ఎలా ఎక్కింది? ఫెల్ట్ జిగురు పట్టడానికి దాన్ని పిన్నుతోనే గట్టిగా అదిమి పట్టారు. అది నలిగి అర మిల్లీమీటరైంది. ఆ ఊపులో మూత ఎక్కించేశారు. జిగురుతో కలిపినా 0.7, ఇంకా 0.3 మి.మీ. మిగులే. మూత హాయిగా జారింది. "భేష్, చప్పుడే లేదు" అనుకుని పెట్టెను నిలబెట్టారు. పిన్ను కిందికి దిగి తాళం పడింది. రాత్రంతా పైనున్న ఫెల్ట్ మీద బరువు లేదు. ఉన్ని కదా, ఒళ్ళు విరుచుకుని తన పాత మందానికి తాను వచ్చేసింది.

ఇప్పుడు సభ. డిజైనరుగారు పెట్టెను ఎత్తి, గాలిలో ఒక చుట్టు చూపించి, తలకిందులు చేశారు.

ఈ క్షణం దగ్గర కాసేపు ఆగుదాం, ఆయనా ఆగారు కాబట్టి. మామూలు పెట్టెలో ఇక్కడ టిక్కుమనాలి. ఇక్కడ ఏమీ అనలేదు. అనకూడదనే కదా ఇంత ఖర్చు. అందువల్ల ఆయనకు తెలిసినది ఇంతే: పిన్ను దిగి ఉండవచ్చు, దిగకపోయి ఉండవచ్చు, దిగుతూ ఉండవచ్చు. నవ్వుతూ మూత నెట్టారు. కదల్లేదు. నవ్వు తగ్గించకుండా పెట్టెను మళ్ళీ నిలబెట్టి, మళ్ళీ తలకిందులు చేశారు. చూసేవారికి ఇదీ రహస్యంలో భాగమే అనిపించింది. ఎవరో ఫోనులో వీడియో తీస్తూ, "నాలుగు సార్లు తిప్పాలన్నమాట" అని పక్కవారికి వివరించారు.

డిజైనరు మనసులో ముద్దాయిల జాబితా నడుస్తోంది. మూత ముందే లాగి పట్టుకుంటే పిన్ను పక్కనుంచి నొక్కుకుపోయి ఆగుతుంది. 0.72 గ్రాముల పిన్నును పట్టి ఉంచడానికి రెండు మూడు గ్రాముల పక్క ఒత్తిడి చాలు, మనిషి వేలికి అది తెలియను కూడా తెలియదు. కాబట్టి మూత వదిలేసి, బోర్లించి, తట్టి, అప్పుడు నెట్టాలి. నెట్టారు. లేదు. చెక్క ఉబ్బిందా? మధ్యగీత. చెక్కపొడి అడ్డుపడిందా? ఊదే బెజ్జం ఏదీ? పూడ్చేశారు.

1851లో లండన్ మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికా తాళాల నిపుణుడు హాబ్స్, అరవయ్యేళ్ళుగా ఎవరూ తెరవలేకపోయిన బ్రామా తాళాన్ని తెరిచి 200 గినీలు గెలుచుకున్నాడు. పదహారు రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. అది పక్కవాడి తాళం, పైగా ఒంటరిగా కూర్చుని ప్రశాంతంగా చేసుకోనిచ్చారు. సొంత తాళం ముందు, వెనుక టీ కప్పులు సిద్ధంగా ఉండగా నిలబడినవాడికి 51 సెకన్లు కూడా ఇవ్వరు. జపాన్‌లో హకోనె పనివారు చేసే హిమిత్సు బాకో పెట్టెల్లో ఈ బాధ తక్కువ. అక్కడ చెక్క పలకలు వరుస ప్రకారం కొద్దికొద్దిగా జరుగుతాయి, ఎక్కడ ఆగిందో చేతికి తెలుస్తుంది. మాకేమో కనిపించని చోట, వినిపించని చోట పిన్ను పడటమే ఘనత.

సలహాలు మొదలయ్యాయి. "కాస్త కొబ్బరినూనె?" "ఎండలో పెట్టి చూడండి." ఒకాయన చాలా నమ్మకంగా జేబులోంచి అయస్కాంతం తీశారు. ఎప్పుడూ జేబులో అయస్కాంతం పెట్టుకుని తిరిగేవారు ఉంటారని ఆరోజే తెలిసింది. ఉక్కు పిన్నయితే మూత పైనున్న 5 మి.మీ. చెక్క గుండా మంచి బలమైన నియోడైమియం అయస్కాంతపు బిళ్ళ దాన్ని ఫెల్ట్‌లోకి ఆ 0.2 మి.మీ. లాగేసేదేమో. ఇత్తడిని ఏ అయస్కాంతమూ పలకరించదు. ఆయన పైన, కింద, పక్కన అన్నిచోట్లా పెట్టి చూసి, "ఇందులో ఇనుము లేదు" అని తేల్చారు. అది చెప్పించుకోవడానికే ఆ పిన్నులు మార్చారు.

"విధానం కాగితం ఉంటుందిగా, చూసుకోండి" అన్నది ఎవరో కాదు, పెద్దమనిషే. కాగితం ఎక్కడుందో డిజైనరు చెప్పారు. "లోపల ఎవరు పెట్టమన్నారు?" అని ఆయన అడిగారు. చుట్టూ ఉన్నవారు డిజైనరు వైపే చూశారు.

ఆపైన పెద్దమనిషికి కోపం వచ్చింది. "ఇలా ఇవ్వండి" అంటూ పెట్టె లాక్కుని, బోర్లించి, మూత పక్కన బొటనవేలితో గట్టిగా నెడుతూ, బల్లకేసి ధబీమని కొట్టారు. ఏ పజిల్ పెట్టె మీదైనా "కొట్టరాదు" అని రాస్తాం, దీని మీదా రాశాం, కాగితం మీద. అయితే భౌతికశాస్త్రానికి మనుషుల మీద పక్షపాతం లేదు. పెట్టె ఠక్కున ఆగినప్పుడు పిన్ను ఆగలేదు, వేగంగా పోయి ఫెల్ట్‌లోకి కూరుకుంది. ఆ వెయ్యో వంతు సెకనులో ఆయన బొటనవేలు మూత మీదే ఉంది. మూత జరిగింది.

రెండు మిల్లీమీటర్లు జరిగి ఆగింది. సభంతా చప్పట్లు. పెద్దమనిషి మొహంలో విజయం. పెట్టెను రెండు చేతుల్లో బిగించి, కిందికీ పైకీ ఆడిస్తూ, మూతను ఇంకా ఇంకా లాగుతున్నారు.

రెండు మిల్లీమీటర్ల దగ్గరే మేకు వచ్చి తిప్పుడు తాళానికి తగులుతుంది. దాన్ని తిప్పాలంటే ముందు ఆయన పెట్టె వదలాలి.