గోదావరి జిల్లాలకు షేర్ల గాలి సోకలేదా?

ఈమధ్య ఒక వాట్సాప్ ఫార్వర్డ్ మా వైపు ఊళ్ళన్నీ చుట్టేస్తోంది. అందులో ఉన్నది ఇదీ: "షేర్ మార్కెట్‌ను 1875లో బ్రిటిష్ ప్రభుత్వం బొంబాయిలో పెట్టింది. వరి పండించుకునే గోదావరి జిల్లాలకు 1991 దాకా దాని గాలి సోకలేదు. 1969లో ఇందిరమ్మ జాతీయం చేసేదాకా మనకు బ్యాంకే లేదు. అసలు షేర్లంటే కోడిపందేలే." దీన్ని పంపేవాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ. అందుకే రాయాల్సి వస్తోంది.

1875లో పెట్టింది ప్రభుత్వం కాదు, షేర్లు కొని అమ్మిపెట్టే దళారులు. అంతకుముందు వాళ్ళు టౌన్ హాలు ఎదుట మర్రిచెట్ల కింద బేరాలాడేవారు. అమెరికా అంతర్యుద్ధంతో పత్తి రేట్లు ఎగిరినప్పుడు బొంబాయిలో కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 1865లో యుద్ధం ఆగగానే కుప్పకూలాయి. మరో పదేళ్ళకు దళారులంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. దానికి భారత ప్రభుత్వ గుర్తింపు వచ్చింది 1957లో, అంటే తెల్లవాడు వెళ్ళిపోయాక.

ఇక గాలి సోకలేదన్న మాట. బొంబాయి మర్రిచెట్ల కంటే రెండున్నర శతాబ్దాల ముందు, 1602లో, డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆమ్‌స్టర్‌డామ్‌లో జనానికి వాటాలు, అంటే షేర్లు, ఇచ్చి డబ్బు సేకరించింది. కంపెనీ డైరెక్టర్లలో ఒకడైన డిర్క్ వాన్ ఓస్ ఇంట్లోనే పుస్తకం తెరిచి పేర్లు రాసుకున్నారు. ఆ ఇంటి పనిమనిషి కూడా 100 గిల్డర్లు (డచ్చి నాణేలు) పెట్టింది. ఆ డబ్బుతో కదిలిన ఓడలు ఎక్కడికొచ్చాయంటారు? సుగంధ ద్రవ్యాల దీవుల్లో వెండి కంటే మన తీరపు బట్టకే గిరాకీ ఎక్కువ. అందుకని ముందు బందరుకు, తర్వాత పాలకొల్లుకు, ద్రాక్షారామానికి, ఆ పైన కాకినాడ జగన్నాథపురానికి వచ్చి స్థావరాలు వేశారు. మన మగ్గాల మీది గుడ్డ అక్కడ మిరియాలయ్యేది, మిరియాలు ఆమ్‌స్టర్‌డామ్‌లో లాభమయ్యేవి. 1610లో పంచిన మొదటి డివిడెండ్‌ను, అంటే వాటాదారులకిచ్చే లాభాన్ని, డబ్బుగా కాదు, జాపత్రిగా ఇచ్చారు! వాటాదారుడు జాపత్రి మూటలేం చేసుకుంటాడో పాపం. మన నేతగాడికి మాత్రం వాటా లేదు, అడ్వాన్సు ఇచ్చి బట్ట తీసుకుపోయేవారు. గాలి సోకింది గానీ లాభం మనదాకా రాలేదు అని రాసుంటే ఒప్పుకునేవాణ్ణి.

1991 దాకా ఏమీ తెలియదట. తణుకులో ఆంధ్రా షుగర్స్ 1947లోనే కంపెనీగా పుట్టింది. డీమ్యాట్ (షేర్లు కాగితంగా కాక కంప్యూటర్ ఖాతాలో ఉండే పద్ధతి) రాకముందు షేర్లు కొన్నవాళ్ళని అడగండి, బీరువాలోంచి రంగు మారిన సర్టిఫికెట్లు తీసి చూపిస్తారు. ట్రాన్స్‌ఫర్ ఫారం మీద సంతకం కాస్త వంకర పోతే చాలు, కాగితాలన్నీ రిజిస్టర్డ్ పోస్టులో తిరుగుటపా. అదో టెన్షన్.

బ్యాంకు సంగతి రెండు ముక్కల్లో. ఏలూరు దగ్గర గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. లక్ష రూపాయల మూలధనం, అదీ వాటాల మీద వచ్చిందే. 1969లో జాతీయం చేసిన 14 బ్యాంకుల్లో అది లేనే లేదు. దాని వంతు 1980లో వచ్చింది.

చివరికి కోడిపందెం. పందెంలో బరి దగ్గరికి వచ్చిన డబ్బే చేతులు మారుతుంది, కొత్తగా ఏమీ పుట్టదు. కంపెనీ అలా కాదు, చెరకు ఆడించి పంచదార అమ్ముతుంది, మిగిలితే వాటాదారుకిస్తుంది. మునగదని గ్యారంటీ ఏమీ లేదు. ఆ డచ్చి కంపెనీయే అప్పులపాలై 1799లో మూతపడింది. అయితే ఫోన్లో ఫ్యూచర్లు, ఆప్షన్లు (ముందుముందు షేరు ధర ఎటు పోతుందన్న దాని మీద కుదుర్చుకునే ఒప్పందాలు) ఆడేవాళ్ళ విషయంలో మాత్రం ఫార్వర్డ్ చెప్పింది చాలావరకు నిజమే. 2021-22 నుంచి 2023-24 దాకా లెక్క తీసి, షేర్ మార్కెట్లను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టింది: ఆడిన మామూలు జనం కోటి మందికి పైనే, వాళ్ళలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి తలా సుమారు 2 లక్షలు. బరి నడిపేవాడి కమీషన్ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.